సోయా పరిమళం

"నా నెయ్యి సీస నీ మైనం నడుమ ఎందుకున్నదే?"

ముత్తెమ్మ వంటగట్టు మీది వరసలోంచి ఒక సీసా లాగి, మూత బిగించి, అల్మారాలో పెట్టేసింది. పొద్దున్నే అత్తగారి నోరు లేచిందంటే కాఫీ సీసాల గొడవేనని నర్మదకు తెలుసు. ఇంట్లో కాఫీ పొడి అయిపోతే చాలు, ఖాళీ సీసా కోసం ఇద్దరికీ పోటీ. ఆమెకు నెయ్యి పోసుకోవాలి, ఈమెకు మైనం పోసుకోవాలి.

"మీరే గద అత్తమ్మా, నిన్న నెయ్యి కాగబెట్టి ఈడ పెట్టింది?" అంది నర్మద నవ్వుతూ.

"పెడ్త. నా వంటిల్లు. దుకాణం దిగంబర్ నీ మైనం బత్తీలు వద్దన్నడనుకో, ఈ సీసలన్నీ నాయే. మల్ల మాట మార్చద్దు."

"మార్చ. తీసుకున్నడనుకో?"

"పోలెలు చేసి పెడ్త."

పందెం నవ్వులకే అయినా నర్మద ప్రాణమంతా ఆ సీసాల్లోనే ఉంది. నాందేడ్‌లో కరెంటు ఉండే వేళల కంటే లేని వేళలే ఎక్కువ, బత్తీలకు గిరాకీ ఉంటుందని ఆమె ఆశ. హిమాయత్‌నగర్ దగ్గర పుట్టింటి చేనంతా సోయాబీనే అయినా, ఆ గింజతో మైనం చేస్తారని పుణెలో ఉండే చెల్లెలు ప్రజ్ఞ ఒక సంచి సోయా మైనం పంపేదాకా ఆమెకు తెలియదు. నిన్న దాన్ని కరిగించి, మల్లె అత్తరు కలిపి, సీసాల్లో పోసింది. చలికి అది నెయ్యిలాగే తెల్లగా గడ్డకట్టింది. ఇప్పుడు వేడి చేసిన అల్లిక సూదితో ఒక్కో సీసా నడుమ రంధ్రం చేసి వత్తి దించింది. ఇల్లంతా మల్లెల ఘుమఘుమే.

ఊళ్లోని వజీరాబాద్ పేటలో గిఫ్టుల దుకాణం నడిపే, వదినను మరాఠీలో వైనీ అని పిలిచే దిగంబర్ ఒక సీసా వెలిగించి పెదవి విరిచాడు.

"మంచిగనే ఉన్నది వైనీ. కని మల్లె వాసన అగరబత్తీలు నా దగ్గర గంపెడున్నయి."

రెండోదీ వెలిగించాడు. అదే మాట. నర్మద సీసాలన్నీ అత్తగారి నెయ్యి పాలేనని ఆశ వదులుకుంది.

మూడోది వెలిగించాక దిగంబర్ కళ్లు మూసుకున్నాడు.

"ఇందుల ఏం కలిపిండ్రు వైనీ? మాహూర్ల రేణుకమ్మ గుడిల దీపం ముంగట నిలబడ్డట్టున్నది!"

నర్మద వంగి వాసన చూసింది. మల్లె జాడే లేదు. ఇందులో అత్తరు వేయడం మరిచిపోయినట్టుంది. అంటే ఇది సోయా సొంత వాసనన్నమాట! ఆమెకు ఒళ్లు పులకరించింది.

"ఏం కలపలే అన్నా. మా చేన్ల పంట వాసన అది," అంది తల ఎత్తి.

"అయితే అత్తరు గిత్తరు బంద్. అచ్చం గిసుంటియే వంద చెయ్యిండ్రి."

నర్మద ఇంటికి నడిచి రాలేదు, తేలి వచ్చింది. ముత్తెమ్మ ఓడిపోయినందుకు మూతి ముడిచినట్టే ముడిచి, మరుక్షణమే బొబ్బట్లకు శనగపప్పు పొయ్యి మీద పెట్టింది. ఎంత పోట్లాడినా ఆమె మాట తప్పే మనిషి కాదు.

"గింత గుణమున్న గింజను ఇన్నేండ్లు మీవోళ్లు మార్కెట్‌ల అగ్గువకు అమ్మిండ్రు గదనే!" అని మురిసిపోయింది. అత్తగారి నోట మెప్పు వినడం నర్మదకు ఇదే మొదలు. కడుపు అక్కడే నిండిపోయింది.

ముత్తెమ్మ పొగలు కక్కే పోలెను కోడలి పళ్లెంలో వేసి, అల్మారాలోని సీసా మూత తీసి, చెంచాతో తవ్వి పైన వేసింది. వేసి ముక్కు ఎగబీల్చింది.

"ఏందే నర్మదా, నెయ్యి మల్లెపూల వాసనొస్తున్నది?"