నూకరత్నం నెత్తిన బల్బు

బడిలో అందరి నెత్తిమీదా బల్బులు పెట్టాక, "అర్థమైందా?" అని అడిగే పని మా పంతుళ్లకు తప్పింది. పాఠం అర్థమైతే బల్బు పచ్చగా వెలుగుతుంది, లేకపోతే ఎర్రగా. పిల్లలవీ, పంతులుదీ అన్నీ పచ్చగా వెలిగితేగానీ బోర్డు తర్వాతి పాఠంలోకి కదలదు.

మా నాలుగో తరగతి జూన్‌లో భాగహారం మొదలెట్టింది. దసరా వెళ్లిపోయినా అక్కడే ఉన్నాం. కారణం నూకరత్నం ఎర్ర బల్బు.

"అర్థమైందని అనెయ్యవే," అని పిల్లలు బతిమాలారు.

"అన్నానే! బల్బు ఒప్పుకోట్లేదు," అని ఏడ్చింది. వాళ్లమ్మ వచ్చి బల్బుకి దిష్టి కూడా తీసింది.

ఈరోజు నాకు ఒళ్లు మండింది. "ఏడు మామిడిపళ్లు ముగ్గురికి పంచితే తలా రెండు, శేషం ఒకటి. ఇందులో ఏటే అర్థం కానిది?"

"ఆ ఒక్కటీ ఎవరు తింటారు సారూ?"

"ఎవరూ తినరు. అది శేషం."

"మరి కుళ్లిపోదా?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. పిల్లలంతా నా నెత్తికేసి చూస్తున్నారు. బోర్డు మీద ఎర్రటి వెలుగు పడింది.

నూకరత్నం బల్ల మీద జరిగి నాకు చోటిచ్చింది.

"కూకోండి సారూ. రెండ్రోజుల్లో అలవాటైపోద్ది."