చెప్పి ఉండాల్సింది

పొలిక్సేని గారికి ఇంగ్లీషు నేర్పేసరికి లెయాండ్రోస్ మాస్టారికి తాతలు దిగొచ్చారు.

ఆవిడకి డెబ్బై దాటాయి. తాగేసిన కాఫీ కప్పును సాసర్లో బోర్లించి, అడుగున మిగిలిన మడ్డి చూసి జాతకం చెప్పడంలో గ్రీసు దేశపు కవాలా రేవంతటికీ పేరు. ఓడల్లో దిగే టూరిస్టులకు ఇంగ్లీషులో చెప్పాలట.

“జరగబోయేది ఎవరైనా చెప్తారు మాస్టారూ. జరిగిపోయింది చెప్తేనే నమ్ముతారు. అది నేర్పండి” అంది.

దాంతో ‘షుడ్ హావ్’, ‘మస్ట్ హావ్’ మొదలుపెట్టాడు. చేసి ఉండాల్సింది, చేసే ఉంటాడు, చేసి ఉండొచ్చు. నెలలు గడిచినా ఆవిడ ఒకదాని బదులు ఇంకోటి వాడుతూనే ఉంది. ఇంకొకరైతే చేతులెత్తేసేవారే.

లెయాండ్రోస్ మానలేదు. ఆవిడ ఇంటి కింద బేకరీ ఉంది, బేకరీలో మిర్సిని ఉంది. ఏడాది క్రితం ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఒక నువ్వుల రొట్టె కొంటాడు, చిల్లర తీసుకుంటాడు, నోరు మాత్రం పెగలదు. క్లాసులో గలగలా మాట్లాడే మనిషే, పాపం.

ఆదివారం మిర్సినిని చూడ్డానికి థెస్సలొనీకి నుంచి ఒక పళ్ళ డాక్టరు తల్లిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. ఆ కబురు మోసింది కూడా పొలిక్సేని గారే. అప్పట్నుంచీ మాస్టారికి ముద్ద దిగడం లేదు.

శనివారం పాఠంలో ఆవిడ అతని కప్పు లాక్కుంది.

“ఇవాళ మీ మీదే ప్రాక్టీసు” అంటూ మడ్డిలోకి తొంగిచూసి, ఇంగ్లీషులో కూడబలుక్కుంటూ మొదలెట్టింది. “ఒక అమ్మాయి కనిపిస్తోంది. మీరు చెప్పి ఉండాల్సింది. ఆమె ఒప్పుకునే ఉండేది. ఈపాటికి పెళ్ళయిపోయి ఉండేది.”

ఒక్క తప్పు లేదు. సంతోషించాల్సిన మాస్టారి మొహం పాలిపోయింది.

“అంటే... ఇక లాభం లేదా?”

“అవి పాతికేళ్ళ తర్వాత మీరు చెప్పుకునే మాటలు నాయనా. కింద బేకరీ ఇంకా మూయలేదు.”

లెయాండ్రోస్ మెట్లు దిగలేదు, దొర్లాడనాలి.

“ఆ డాక్టర్ని రావొద్దనండి!” అన్నాడు రొప్పుతూ. “మీరంటే నాకు... ఏడాదిగా... ఆ రొట్టె నాకసలు ఇష్టమే లేదు!”

మిర్సిని పిండి చేతులతోనే మొహం కప్పుకుంది.

“అమ్మకి ఇప్పుడే చెప్తాను, వద్దని” అంది వేళ్ళ సందుల్లోంచి చూస్తూ. “ఇంతకీ ఇవాళ ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?”

“అంతా పొలిక్సేని గారికి ఇంగ్లీషు నేర్పబట్టే!”

మిర్సిని తెల్లబోయింది.

“మీరు ఆవిడకి నేర్పడమేమిటండీ, మెల్‌బోర్న్ బళ్ళో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరై వచ్చిన మనిషికి!”