మతూష్ వయసు

"వాడికి పద్నాలుగు నిండాయి అమ్మగారూ. మేజిస్ట్రేటు ముందు బైబిలు మీద చెయ్యేసి మరీ చెప్పాను," అంది జుజానా తల ఎత్తకుండా.

మిస్ హాలోవెల్‌కి ఆ మాట కొత్త కాదు. పొద్దున రైలు దిగిన దగ్గర్నుంచి ఈ బొగ్గుగని ఊళ్లో ఏ గడప తొక్కినా ఇదే పాట. పద్నాలుగు నిండని పిల్లల్ని బొగ్గులో రాళ్లు ఏరే పనిలో పెట్టకూడదని కొత్త చట్టం వచ్చింది. అంతే, రాత్రికి రాత్రి ఊళ్లో పిల్లలందరికీ పద్నాలుగేళ్లు వచ్చేశాయి! ఆ చట్టం కోసం ఆమె ఎన్ని సభల్లో గొంతు చించుకుందో, ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగిందో. చివరికి ప్రభుత్వం ఆమెనే ఇన్‌స్పెక్టర్‌ని చేసి పంపింది. ఊరికే వదిలిపెడుతుందా?

గుమ్మం దగ్గరున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెని చూడగానే గప్‌చుప్ అయిపోయారు. అదీ అలవాటే. ఇన్‌స్పెక్టరంటే నోటికాడ కూడు లాక్కునే మనిషని వాళ్ల భయం.

"ఏడీ మీ వాడు?"

"లోపల పడుకున్నాడు."

"మిట్టమధ్యాహ్నమా? అంటే రాత్రిళ్లు కూడా పని చేయిస్తున్నారన్నమాట!" ఆమెకి ఒళ్లు మండింది.

జుజానా ఒళ్లో తెల్లచొక్కా పెట్టుకుని కుడుతోంది. పోయిన మొగుడి పెళ్లి చొక్కా అది. చేతులు కత్తిరించి చిన్నది చేస్తోంది. పొయ్యి పక్కన ముగ్గురు ఆడపిల్లలు ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు.

"ఎవరికది?"

"మా మతూష్‌కే. చూడండి, పెద్దవాళ్ల చొక్కా. పసివాడైతే ఇది పడుతుందా?"

"చొక్కా తొడిగితే వయసు పెరుగుతుందటమ్మా?"

సూది ఆగింది. "మీకు దణ్ణం పెడతాను అమ్మగారూ. వాళ్ల నాన్న గనిలో పోయినప్పుడు కంపెనీవాళ్లు తెచ్చి అరుగు మీద పడుకోబెట్టి పోయారు. ఒక్క పైసా ఇవ్వలేదు. ఈ చలికాలం ఇక మతూష్ మీదే గడవాలి. వాడు పద్నాలుగేళ్లవాడైతేనే మా పొయ్యి వెలుగుతుంది. కాదని రాశారో, ఈ పిల్లలతో రోడ్డున పడతాను."

"అది అప్పటి మాట. ఇప్పుడు పనివాళ్లకి ఏమైనా జరిగితే కంపెనీ ఇంటివాళ్లకి పరిహారం కట్టి తీరాలి. ఆ చట్టం తెచ్చిందీ మేమే," అంది మిస్ హాలోవెల్ కాస్త గర్వంగా.

"తెలుసు," అంది జుజానా.

బెదిరిస్తే ఈ తల్లులు నోరు విప్పరు. మిస్ హాలోవెల్‌కి దానికో ఉపాయం తెలుసు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"పోనీలే. మీ వాడు చిన్నప్పుడెలా ఉండేవాడు?"

ఆ మాట ఎవరైనా అడుగుతారా అని కాచుక్కూర్చున్నట్టు జుజానా ముఖం ఒక్కసారిగా విప్పారింది. "అబ్బో, వాడి అల్లరా! పుడుతూనే వీధి వీధంతా లేచేలా ఏడ్చాడు. పెద్ద సమ్మె రోజులు కదా, ఇంట్లో పాలచుక్క లేదు. బంగాళాదుంపలు ఉడికించిన నీళ్లు పడితే గుటగుటా తాగేశాడు వెధవ..."

"పెద్ద సమ్మె రోజులా?"

జుజానా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. పెద్ద సమ్మె జరిగి పదేళ్లేనని ఆ గనుల చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు.

"ఏడవకు. నీకేం కాదు, శిక్ష కంపెనీకి," అంది మిస్ హాలోవెల్ ఆమె భుజం తట్టి. "పదేళ్లవాడు చట్టం లెక్కలో అసలు పనివాడే కాడు. ఇక వాణ్ని ఎవరూ గనికి లాక్కుపోలేరు."

"పనివాడే కాడా?"

"ముమ్మాటికీ కాడు."

"అయితే ఆ పరిహారం చట్టం... వాడికి?"

"వర్తించదు. దాంతో వాడికింకేం పనమ్మా? హాయిగా బడికి పోతాడు."

ఆ మాట అంటూ ఆమె మనసారా నవ్వింది. పొద్దుట్నుంచి ఇంతింత దూరం తిరిగినందుకు ఒక్క బిడ్డనైనా గట్టెక్కించానని ఆమె సంతోషం. జుజానా మాత్రం చొక్కాని ముఖానికి అదుముకుని, "చేతులారా చేసుకున్నాను, చేతులారా చేసుకున్నాను" అని గొణుగుతూ గోడకి జారగిలబడిపోయింది.

అంతలో వడ్రంగి ప్రాథెరో గుమ్మంలోకి వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "చెల్లెమ్మా, మతూష్‌కి శవపెట్టె పిల్లల కొలతకి చెయ్యనా, పెద్దవాళ్ల కొలతకా?" అని అడిగాడు.