భిక్షపతి అభ్యంతరాలు

ఫ్లెక్సీ డిజైన్‌లో రూబీ ఫొటో పెట్టారు. ఫొటో కింద ‘గురువు’ అని రాశారు. ఆ పక్కన పేరొక్కటే ఇంకా రాయలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మిఠాయి కొట్టు పైనున్న ఆ కోచింగ్ సెంటర్‌లో గంగాధరరావు జుట్టు నెరిసేదాకా పాఠాలు చెప్పాడు. ఎందరో పిల్లలు ఫ్లెక్సీ ఎక్కారు. ఆయన పేరు మాత్రం ఒక్కదాని మీదా పడలేదు. ఈసారి పడి తీరాలి. రూబీకి ఓనమాల నుంచీ నేర్పింది ఆయనే కదా మరి.

రూబీ చేసింది అల్లాటప్పా పని కాదు. దేశదేశాలవాళ్ళు కలిసి ఉచితంగా తయారుచేసే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. పెద్ద ఫైళ్ళను కుదించి పంపిస్తుంది. ఆ కుదింపు పని చేసిపెట్టే ‘లైబ్రరీ’ అనే చిన్న ప్రోగ్రామ్ కంప్యూటర్లో విడిగా ఉండాలి. లేకపోతే మొరాయిస్తుంది. రూబీ వాళ్ళమ్మ పనిచేసే చోట పాత కంప్యూటర్ల మీద అలాగే మొరాయించింది. దాంతో రూబీ ఆ లైబ్రరీని సాఫ్ట్‌వేర్ కడుపులోనే కలిపేసే మార్పు రాసింది. దాన్ని స్టాటిక్ లింకింగ్ అంటారు.

రాసి మొదట గంగాధరరావుకే చూపించింది. “బాగుందమ్మా, పంపించెయ్” అన్నాడాయన.

పంపించింది. మర్నాడే ఇంటర్నెట్లో భిక్షపతి అనేవాడొకడు అడ్డం పడ్డాడు. ఆ మనిషిని చూసినవాళ్ళు లేరు, పేరొక్కటే కనిపిస్తుంది. ఈ మార్పు తీసుకోవద్దన్నాడు. అందరి సాఫ్ట్‌వేరూ బరువెక్కుతుందన్నాడు. రేపు ఆ లైబ్రరీలో లోపం బయటపడి సరిచేసినా, లోపల కలిసిపోయింది పాతగానే ఉండిపోతుందన్నాడు. అన్నది కూడా మర్యాదగా అనలేదు.

రూబీ కుంగిపోలేదు. మళ్ళీ రాసింది. కావాలన్నవాళ్ళు లోపల కలుపుకోవచ్చు, వద్దన్నవాళ్ళకు పాత పద్ధతే. ఆ సాఫ్ట్‌వేర్ బాధ్యత చూసేవాళ్ళు మెచ్చుకుని మరీ తీసుకున్నారు.

అది మొదలు రూబీ నోరు తెరిస్తే భిక్షపతి జపమే.

“గా సార్ అడ్డం పడకుంటే నా పని గట్లనే పోతుండె సార్. ఎంత లోతుగ చూసిండో.”

“అవేమంత గొప్ప సంగతులు కావమ్మా. నేనైనా చెప్పేవాణ్ణి.”

“మరి చెప్పలే కద సార్. మీకు చూపెడితే బాగుందన్నరు.”

గంగాధరరావు ముఖం మాడిపోయింది. ఒక్క అక్షరం నేర్పనివాడికి ఇంత గౌరవమా? భిక్షపతి రాసిన మాటలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. వాటిలో ఒక్కటీ నీ మేలు కోరి రాసింది కాదే పిచ్చిపిల్లా అని అరిచి చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు.

శనివారం సెంటర్ యజమాని రామమోహనరావు వచ్చి, ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి వెళ్ళాలి, గురువు పేరు చెప్పమన్నాడు. గంగాధరరావు కాలర్ సర్దుకున్నాడు.

“భిక్షపతి సార్ పేరు రాయున్రి” అంది రూబీ. “పాఠం చెప్పినోళ్ళు శానమంది ఉన్నరు. తప్పు చూపెట్టింది గా సారొక్కడే. రేపు నా సన్మానం ఫంక్షన్‌కు రమ్మని మెయిల్ గూడ పెట్టిన. ఒస్తడో రాడో.”

గంగాధరరావు మెట్లు దిగాడు. మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి ఇంటికి నడిచాడు. భార్య ఉదయలక్ష్మి కాఫీ తెచ్చింది. ముట్టుకోలేదు.

“ఏంటండీ, అలా ఉన్నారు?”

“ఆ భిక్షపతిగాడు నా నోటి దగ్గర కూడు లాక్కున్నాడు.”

“ఎవరండీ వాడు?”

గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

తర్వాత రూబీ పంపిన మెయిల్ తెరిచి, ‘రేపు రావడానికి వీలుపడదు’ అని టైపు చేసి, కింద ఎప్పటిలాగే భిక్షపతి అని పెట్టి పంపించాడు.