కొక్కెం పడని టబ్బులు

ఆ ఆదివారం గోదావరిఖని క్వార్టర్‌లో బాపు బుచ్చిరాములు, అవ్వ శంకరవ్వ, అన్న సిద్ధు, వదిన వనిత, పొద్దున బస్సుకే దిగిన మేనత్త ఎల్లక్క ఉన్నారు. నవ్యశ్రీ కూడా ఉంది. కానీ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే ఆమె పేరు ఎవరికీ గుర్తుకు రాదు.

పదో తరగతి దాకా అమ్మమ్మ ఊళ్లో చదివిన పిల్ల. నలుగురిలో నోరు విప్పదు. ఆమె మనసులో మాట తెలిసింది రెండింటికే. ఒకటి డైరీ. రెండోది వదిన.

వదిన ఈ ఇంటికొచ్చి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఎల్లక్క సిద్ధు కోసం హుస్నాబాద్ నుంచి కొత్త సంబంధం పట్టుకొచ్చింది.

"గా రిపోర్టుల ఏముందో చూడుండ్రి వదినె. తప్పు గీ పిల్లదైతే తల్లిగారింట్ల దింపొద్దాం" అంది శంకరవ్వతో.

మొగుడూ పెళ్లాలిద్దరికీ చేసిన పరీక్షల రిపోర్టు హైదరాబాద్ నుంచి నిన్ననే వచ్చింది. అంతా ఇంగ్లీషు.

"నవ్యా, నువ్వు సదువు బిడ్డా" అన్నాడు బాపు.

పొద్దుటి నుంచి చాయ్ కూడా ముట్టని వదిన గుమ్మంలోంచి అంది. "రేపు డాక్టరమ్మనే చెప్తది గద మామా. గిప్పుడెందుకు?"

"ఏందే, గప్పుడే కాళ్లు వణుకుతున్నయా?" ఎల్లక్క నవ్వింది.

వదిన వచ్చి నవ్యశ్రీ పక్కన కూర్చుంది. ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. వదిన చెయ్యి మంచులా ఉంది.

నవ్యశ్రీ ముందు లోలోపల చదువుకుంది. ఇంటర్ బైపీసీ ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. వదిన భయం ఒక్క నిమిషంలో తీర్చేయొచ్చు.

"అన్న వీర్యకణాలకు తోకలు తయారైతలేవు."

బాపు ముందర ఆ మాట అన్నందుకు చెవులు కాలిపోయాయి. మణికట్టు మీద వదిన గోళ్లు దిగాయి. అయినా ఆపలేదు.

"తోక కట్టాల్నంటే సామాను మోసే ప్రోటీన్లు ఉంటయి బాపూ, మోటార్ల లెక్క. ఒకదాన్నొకటి పట్టుకుంటెనే సామాను చివరిదాంక పోతది. అన్నకు అవి కలుస్తలేవు."

బుచ్చిరాములు ముప్పై ఏళ్లు బొగ్గుబావిలో బొగ్గు నింపిన టబ్బులను ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి పట్టాల మీద లాగించిన మనిషి. "అంటే కొక్కెం పడక టబ్బులు లోపల్నే నిలిచినట్టా?"

"అట్లనే. ఒక్క కణం సుత కదలదు. మామూలుగ అన్నకు పిల్లలు కారని రాసిండ్రు. వదిన తప్పేం లేదు."

శంకరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సిద్ధు చెప్పులేసుకొని బయటికి పోయాడు. ఎల్లక్క సంచి సర్దుకుంటూ బస్సు టైమెంతని గోడనడిగింది.

వదిన ఎప్పుడు లేచిపోయిందో ఎవరూ చూడలేదు.

నవ్యశ్రీ ఆమె గదికి పరుగెత్తింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత గట్టిగా మాట్లాడింది ఇవాళే.

"ఇగ నిన్నెవ్వరు దింపరు వదినా! ఇన్నవా, ఎట్ల సదివిన్నో?"

"ఇన్న" అంది వదిన తలుపు రెక్క పట్టుకుని. "మంచిగ సదివినవ్."

తర్వాత గుప్పిట విప్పి, రెండు ఎర్రగీతలు తేలిన ప్రెగ్నెన్సీ కిట్టును ఒక్క క్షణం నవ్యశ్రీకి చూపించి, తలుపు మూసేసింది.