ఆకుపచ్చ వెలుగు ఎందాకా వచ్చింది?

సరిగ్గా తొమ్మిదింటికి ఫోను మోగింది.

"ఇవాళ కరోనా ఎలా ఉందమ్మా?" ఒక ముసలి గొంతు.

"ఆస్పత్రికి చెయ్యండి. ఇది సూర్యుణ్ణి చూసే కేంద్రం."

"నేనడిగేదీ సూర్యుడి సంగతే. అంచు చుట్టూ ఉండే ఆకుపచ్చ వెలుగు ఎందాకా వచ్చింది?"

ఆమెకు నవ్వొచ్చింది. కొండ మీది ఆ కేంద్రంలో పరిశీలకురాలిగా చేరి నెలైంది. టెలిస్కోపులో సూర్యబింబానికి బిళ్ళ అడ్డంపెట్టి, చుట్టూ కిరీటంలా మిగిలే కరోనా కాంతిని రోజూ కొలిచి రాయాలి. మాట్లాడటానికి మరో మనిషి లేడు. సరుకుల జీపు వారానికోసారి వస్తుంది.

"సూర్యుడి ధ్రువానికి ఇంకా దూరంగానే ఉందండీ."

"మెల్లగా పాకుతుందిలే. అక్కడికి చేరిందంటే సూర్యుడి పదకొండేళ్ళ చక్రం పతాకస్థాయికి వచ్చినట్టే. ఇంతకీ తిన్నావా?"

ఆ రోజు నుంచి రోజూ అదే వరస. వెలుగు ఎందాకా వచ్చింది, కొండ మీద గాలి ఎలా ఉంది, గొంతు బొంగురుపోయిందేం?

రిటైరైన మాస్టారెవరో, పొద్దుపోక చేస్తున్నాడనుకుంది. మొదట్లో జాలిపడింది. పోనుపోను విసుగొచ్చింది.

"తాతగారూ, మీకు పనిలేకపోవచ్చు. నాకుంది."

"నిజమేనమ్మా," అన్నాడాయన.

మర్నాటి నుంచి తొమ్మిదయ్యేసరికి రిసీవరు తీసి పక్కన పెట్టేసేది.

రోజులు మరీ పొడుగైపోయాయి. ఒక్కోసారి జీపు వచ్చేదాకా తన గొంతు తనకే వినపడేది కాదు.

నాలుగు నెలలు గడిచాక ఒక ఉదయం ఆకుపచ్చ వెలుగు ధ్రువాన్ని తాకింది.

రెండుసార్లు కొలిచి చూసింది. అనుమానం లేదు.

ఎవరికి చెప్పాలి? గదంతా కలియజూసి, ఫోనులో మిగిలిపోయిన ఆ నంబరే నొక్కింది.

ఎవరో స్త్రీ ఎత్తింది.

"తాతగారున్నారా? వెలుగు ధ్రువం చేరిందని చెప్పండి."

అటువైపు గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"నాన్న పోయి ఇరవై రోజులైందండీ."

ఇవతల ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయ్యో. పాపం, ఒంటరిగా ఉండి ఏమీ తోచక చేసేవారనుకున్నాను. నేనే ఎత్తడం మానేశాను."

"ఒంటరేమిటండీ, ఇంటినిండా మేమే. మనవలతో ఆయనకు క్షణం తీరేది కాదు," అంది కూతురు. "మీకంటే ముందు ముప్పై మూడేళ్ళు ఆ కొండ మీద ఒక్కరే ఉన్నది నాన్నే, రోజుకు ఒక్క గొంతైనా వినపడకపోతే అక్కడ మనిషికి ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి, మీ కోసమే చేసేవారు."