క్లిప్పులు వేయించుకోని ముఖం

అదే ప్రశ్న మూడోసారి అడిగింది తార్యా.

“క్లిప్పులు వేస్తే ముఖం మారుతుందా డాక్టర్?”

డాక్టర్ బోలియూ కుర్చీ దగ్గరికి లాక్కుంది. కెనడాలోని తండర్ బేలో ఇరవై ఏళ్లుగా వంకర పళ్లు సరిచేస్తున్న మనిషి. నలభై దాటి వచ్చేవాళ్ల భయాలు ఆమెకు కొత్త కాదు.

“కొద్దిగా మారుతుందండీ. ముందుకొచ్చిన పళ్లు వెనక్కి వెళ్తాయి కదా, పై పెదవి కాస్త లోపలికి సర్దుకుంటుంది. మొదట్లో సరిగ్గా నమలలేక బుగ్గలు పీక్కుపోయినట్టుంటాయి, తర్వాత అవే నిండుతాయి. నవ్వు మాత్రం పూర్తిగా మారిపోతుంది. అందరూ దాని కోసమేగా వచ్చేది!”

“వేయించుకోకపోతే?”

“మీ కింది పళ్లు పైపళ్ల వెనక చిగురును కొరికేస్తున్నాయి. ఇలాగే వదిలేస్తే మూడు నాలుగేళ్లలో ముందుపళ్లు రెండూ ఊడతాయి. అప్పుడు ముఖం ఇంకా మారుతుంది.”

డాక్టర్ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. రెండేళ్ల తర్వాతి తార్యా అందులో నవ్వుతోంది. చక్కని పలువరస. పక్కనున్న నర్సు “అబ్బ, ఎంత బావున్నారండీ!” అంది.

తార్యా ఆ బొమ్మను నిదానంగా చూడలేకపోయింది. ముక్కూమొహం తెలియని మనిషెవరో తన స్వెటర్ తొడుక్కుని కూర్చున్నట్టుంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆలోచించుకుని చెప్తానని కోటు అందుకుని బయటపడింది.

ఆమె పనిచేసేది బేకరీలో. గులాబీరంగు పాకం పూసిన బన్నులు పెట్టెల్లో సర్దుతూ సంగతంతా విన్న డోరీన్ ఊరుకుంటుందా?

“అందంగా అయిపోతానేమోనని ఏడ్చే ఆడదాన్ని నిన్నే చూశానే! నలభై ఒకటి వచ్చాయి, జుట్టు నెరిసినా రంగు వేయవు. ఆ కలిసిపోయిన కనుబొమ్మలు తీయించుకోవే అంటే కొట్టబోయావు. నీ ముఖాన్నేమన్నా మ్యూజియంలో పెడతారటే?”

“పెడితే నువ్వు టికెట్ కొనుక్కుని రా,” అంది తార్యా. నవ్వబోయి నోరు మూసుకుంది. చిగురులోంచి మళ్లీ రక్తం కారుతోంది. మూడు నెలలుగా పాలలో నానిస్తే గాని రొట్టె గొంతు దిగడం లేదు.

ఆ సాయంత్రం తల్లి దగ్గరికి వెళ్లింది. హెల్వీకి డెబ్బై ఆరేళ్లు. ఇప్పటికీ కూతురు గుమ్మంలోకి రాగానే ముందు ముఖం పరీక్షగా చూస్తుంది, తర్వాతే పలకరిస్తుంది. పదహారేళ్లప్పుడు తార్యా స్నేహితురాళ్లతో పోయి జుట్టు కురచగా కత్తిరించుకుని నల్లరంగు వేయించుకొస్తే, ఆవిడ మూడు రోజులు ముద్ద ముట్టలేదు. మళ్లీ ఎప్పుడూ అలా చేయనని తార్యా మాటిచ్చింది. ఇచ్చిన మాట తప్పలేదు. ఆ మాట మీద ఎంత కసి పెంచుకుందో, అద్దం ముందు ఎన్నిసార్లు ఏడ్చిందో మాత్రం తల్లికి తెలియనివ్వలేదు.

హెల్వీ చేప, బంగాళదుంపల సూపు పోసింది. కూతురు గిన్నె ఖాళీ చేసి రొట్టె వదిలేయడం చూసింది.

“రొట్టె ముట్టలేదేం?”

“కొరకలేకపోతున్నానమ్మా.” తార్యా డాక్టర్ చెప్పిందంతా చెప్పింది.

హెల్వీ లేచి వచ్చింది. కూతురి గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వెలుతురుకు తిప్పింది. ఒకదాని మీదికొకటి ఎక్కిన ఆ పళ్ల మీద బొటనవేలు ఆనించింది.

“వేయించుకో తల్లీ.”

తార్యా తెల్లబోయింది. “ముఖం మారుతుందటమ్మా.”

“మారనీ. ఇన్నేళ్లూ నీ ముఖాన్ని నీకివ్వలేదు నేను. ఇంక చాలు.”

“మరి నువ్వు?”

“నేను అలిసిపోయానే.”

తార్యా గుండె చెరువైంది. తల్లి వద్దంటే పోట్లాడదామని వచ్చింది. సరేనన్న తల్లిని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, సూపు చల్లారిపోయేదాకా ఏడ్చారు.

మరుసటి వారం డాక్టర్ బోలియూ ఇచ్చిన కాగితాల మీద సంతకం పెట్టింది. పని మొదలుపెట్టే ముందు ఒక్క కోరిక కోరింది.

“క్లిప్పులు అసలు వేయించుకోకపోతే నేనెలా ఉంటానో బొమ్మలు చేసిస్తారా? ఐదేళ్లకొకటి, అరవై వచ్చేదాకా. ముందుపళ్లు ఊడిన ముఖం కూడా కావాలి.”

డాక్టర్ నవ్వింది. “అందరూ బాగుపడ్డాక ఎలా ఉంటామో చూపించమంటారు. చెడిపోయిన ముఖాన్ని ఏం చేసుకుంటారండీ?”

“కావాలండీ. కాస్త జాగ్రత్తగా చేయండి.”

డాక్టర్ నాలుగు బొమ్మలు అచ్చుతీసి కవరులో పెట్టింది. తర్వాత గంటన్నర సేపు ఒక్కో పంటికీ క్లిప్పు అతికించి తీగ బిగించింది. నర్సు అద్దం చేతికిచ్చింది. తార్యా అందులోకి చూసి “నన్ను క్షమించవే,” అని గొణిగింది.

“నొప్పి పుట్టిందా అండీ?” అంది నర్సు.

తార్యా తల అడ్డంగా ఊపి, కవరు పట్టుకుని బస్సెక్కింది. పోలీసు స్టేషన్ దగ్గర దిగింది. ప్రతి మే నెలలో వచ్చే మనిషే కాబట్టి సార్జెంట్ పలకరించి కెమెరా తీశాడు. ఆమె నోట్లో తీగలు కనబడేసరికి దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

“ఇకనుంచి వీటిని వాడండి,” అంటూ తార్యా కవరు ఆయన ముందుకు జరిపింది.

ఆరేళ్లప్పుడు సరస్సు ఒడ్డున తప్పిపోయిన, అచ్చం తనలాగే ఉండే కవల చెల్లెలు లేనా ఇప్పుడు ఎలా ఉంటుందో లోకానికి చూపించడానికి, ముప్పై ఐదేళ్లుగా పోస్టర్ల మీద పోలీసులు వేస్తున్నది తార్యా ముఖాన్నే.